వస్తువులే సాక్ష్యముగా – మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ

శ్రీమహావిష్ణువునకు కేశవుడు మొదలుగా 24 మూర్తులు గలవని ఆగమములు తెలుపుచున్నవి. ఆ మూర్తులన్నిటికిని ముఖమొక్కటే, కిరీటమొక్కటే, నిలిచిన తీరొక్కటే. శంఖ చక్ర గదా పద్మములు నాలుగు చేతులయందు ఏ వరుసలో నున్నవో చూచియే ఇతడు కేశవుడు, ఇతడు నారాయణుడు, ఇతడు మాధవుడు అని శిల్పి గుర్తించును. చేతి వస్తువు స్థానము మారినంతనే స్వామి నామము మారును. శిల్పమునందును చిత్రమునందును వస్తువునకు గల శక్తి యెట్టిదో ఇందువలన తెలియుచున్నది.

భక్తుల రూపములకును ఇదియే న్యాయము. పక్కకు ఒదిగిన కొప్పు, పూమాల, చేతిలో చిలుక కనబడినచో ఆమె గోదాదేవి. ఖడ్గమును డాలును ధరించిన వాడు తిరుమంగై ఆళ్వారు. త్రిదండము చేత నున్నచో భగవద్రామానుజులు. తంబుర భుజమునకు ఆనియున్నచో తాళ్లపాక అన్నమాచార్యులు. చిలుక, మాల, కర్ర, తంబుర – ఇవి యన్నియు లోకమున నిత్యము కంటబడునవే. భక్తుని చేతికి వచ్చిన పిమ్మట అవి వస్తువులుగా మిగులవు. అతని జీవితమును చదివి చెప్పు అక్షరములగును.

రాజులును ప్రభువులును తమ ప్రతిరూపములను చేయించుకొనునప్పుడు ఈ రహస్యమును బాగుగా ఎరిగియే చేయించుకొనిరి. తిరుమల ఆలయ మహాద్వారము దాటిన యాత్రికునకు కుడిచేతి మండపమున శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలిచిన లోహప్రతిమలు దర్శనమిచ్చును. రాయల శిరస్సు మీది పొడవాటి కుళ్లాయి అతని చక్రవర్తిత్వమును చెప్పును. జోడించిన చేతులు అతని దాసత్వమును చెప్పును. లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీద 16వ శతాబ్దమున రచింపబడిన వర్ణచిత్రములలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అట్టి కుళ్లాయిలతోనే కనబడుదురు. ఐరోపా ఖండమున 1533లో హోల్బైన్ అను చిత్రకారుడు ఇద్దరు రాయబారులను చిత్రించుచు, వారి నడుమ పుస్తకములను, గోళములను, ఒక తీగె తెగిన వాద్యమును ఉంచెను. వారి పాదముల చెంత ఒక వైపునుండి చూచినప్పుడే తెలియునట్లు సాగదీసిన కపాలమును వ్రాసెను. పదవియు విద్యయు ఎంతటివైనను మృత్యువు పాదముల చెంతనే యున్నదని ఆ చిత్రము మాటలేకయే బోధించుచున్నది.

అయితే రాజులును రాయబారులును తమ చిత్రములలోని వస్తువులను తామే ఎన్నుకొనిరి. తమ హోదాకు తగినవానినే ఎన్నుకొనిరి. అందుకు భిన్నముగా, ఏ వస్తువును ధరింపరాదని లోకము ఆదేశించెనో దానినే ధరించి, ఏ వస్తువు తనదని చెప్పుకొనుటకు ఆస్కారము లేదో దానిని స్వామికి సమర్పించి, వానితోనే ఎల్లకాలము గుర్తింపబడుచున్న భక్తురాలు ఒకతె తెలుగునాట వెలసెను. ఆమెయే మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ. ఛాయాచిత్రణ విద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. వెంగమాంబ అంతకు 22 సంవత్సరములు ముందే, 1817లో, స్వామి సన్నిధి చేరెను. కావున ఆమె చిత్తరువును వ్రాయు చిత్రకారుడు ముఖమును భక్తితో భావించి వ్రాయవలసినదే. వస్తువుల విషయమున మాత్రము అతనికి ఊహతో పనిలేదు. నుదుటి కుంకుమ, చేతి గాజులు, తలలోని పువ్వులు, జపమాల, తాటాకు, గంటము, హారతి పళ్లెము – వీనిలో ఒక్కటి తప్పినను ఆ చిత్రము వెంగమాంబది కాదు. ఆ ఒక్కొక్క వస్తువు వెనుక ఆమె జీవితములో ఒక్కొక్క ఘట్టమున్నది.

చల్లకుండ పేరు గల ఊరు

వెంగమాంబ జన్మస్థలము తరిగొండ. మదనపల్లెకు సమీపమున, వాల్మీకిపురమని పేరుగల వాయల్పాటి చెంతనున్న చిన్న గ్రామమది. ఊరిలో వెలసిన దైవము శ్రీలక్ష్మీనృసింహస్వామి. పూర్వమొకప్పుడు పెరుగు చిలుకుచుండగా ఆ కుండలో స్వామి శిలారూపమున లభించెననియు, చల్ల చిలుకు తరికుండ పేరే కాలక్రమమున తరిగొండయైనదనియు స్థలపురాణము చెప్పుచున్నది. ఇంటింట తెల్లవారుజామున కనబడు కుండలోనికి పరమాత్మ తానై దిగివచ్చిన ఊరిలో, గృహిణి చేతి వస్తువులతోనే స్వామిని కొలిచిన కవయిత్రి జన్మించుట యుక్తముగనే యున్నది.

ఆ సీమ మెట్టభూముల సీమ. చెరువు నిండిన ఏట వరి, నిండని ఏట రాగి, జొన్న. చింతతోపులును, రాతిగుట్టలును దాని సంపద. మదనపల్లెయు తరిగొండయు అప్పుడు కడప సీమలోనివి. దక్షిణమున పుంగనూరు పాళెగాండ్ర నేల, దానికి దిగువ కుప్పము చుట్టునున్న కంగుంది పాళెగాండ్ర నేల. తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినబడు ప్రాంతమది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడు ప్రాంతములును ఒక్క జిల్లాలోనికి వచ్చినవి. వెంగమాంబ జీవితకాలమున మాత్రము ఈ నేల మీద మైసూరు సేనలును, నిజాము సేనలును, ఇంగ్లీషువారి సేనలును మారిమారి నడచినవి. తరిగొండకు పొరుగుననున్న గుర్రంకొండ దుర్గము 1791లో ముట్టడికి గురియైనది. రాజ్యములు చేతులు మారుచున్న ఆ కాలమున ఒక పల్లెటూరి బ్రాహ్మణ బాలిక తాను ఎవరి సొత్తో తేల్చుకొని, ఆ నిర్ణయమునుండి జీవితాంతము చలింపలేదు.

ఆమె 1730లో జన్మించెను. తండ్రి కానాల కృష్ణయామాత్యుడు, తల్లి మంగమాంబ. నందవరీక బ్రాహ్మణ వంశీయులు. బాల్యమునుండియు ఆ పాప ఆటలకంటె గుడినే ఎక్కువగా కోరెను. ఊరి నృసింహుని ఎదుటను, కొండమీది వేంకటేశ్వరుని తలపులోను మైమరచి కూర్చుండెడిది. ఆమెకు ఆ ఇరువురును వేరు కారు. పిమ్మట రచించిన కృతులన్నిటిలోను తరిగొండ నృసింహుని పిలుచుచు శేషాద్రివాసునే పిలిచినది.

కుంకుమ, గాజులు, పువ్వులు

నాటి ఆచారము ననుసరించి తల్లిదండ్రులు చిన్నతనముననే ఆమెకు వివాహము చేసిరి. వరుడు ఇంజేటి వేంకటాచలపతి. కాపురమునకు పోకమునుపే ఆతడు కన్నుమూసెను. బాలికకు లోకము తెలియకముందే లోకము ఆమెకు ఒక రూపమును నిర్ణయించినది. ఆ రూపమున నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు, తలపై కురులు కూడ లేవు. శుభకార్యము జరుగు వాకిట ఆమె నిలువరాదు. ఊరిలో ఎదురుపడరాదు. ఎందరో బాలికలు నోరెత్తక ఆ రూపమున ఒదిగిపోయిన దినములవి.

వెంగమాంబ ఒదుగలేదు. తాను వివాహమాడినది వేంకటాచలపతినే యనియు, ఆ పేరుగల నరుడు గతించినను ఆ పేరుగల నారాయణుడు నిత్యుడనియు, నిత్యుడైన భర్త గల స్త్రీకి వైధవ్యము లేదనియు ఆమె భావము. ప్రతిదినమును కుంకుమ దిద్దుకొనెను, గాజులు తొడుగుకొనెను, పువ్వులు ముడుచుకొనెను. ఇది అలంకార ప్రీతియని ఊరిలో కొందరు తలచిరి. మతిచాంచల్యమని మరికొందరు జాలిపడిరి. ఆచారభంగమని పెద్దలు ఆగ్రహించిరి. తల్లిదండ్రులు కూతురి మీది మమకారమునకును ఊరి నిందకును నడుమ నలిగిపోయిరి.

చిత్తరువులో కుంకుమబొట్టు అతిసామాన్యమైన వస్తువు. ఏ గృహిణిని చిత్రించినను ఉండును. చూపరి దానిని గమనింపడు. వెంగమాంబ నుదుట మాత్రము అది ఒక ప్రతిజ్ఞ. పూటపూటకు నిందకోర్చి నిలుపుకొనిన ప్రతిజ్ఞ. గోదాదేవి తాను ముడిచి విడిచిన మాలను స్వామికి అర్పించినప్పుడు తండ్రి విష్ణుచిత్తుడు మొదట కోపించెను; స్వామి ఆ మాలనే కోరెను. తరిగొండలో జరిగినదియు అదియే. లోకము దోషమని ఎంచిన పువ్వునే స్వామి స్వీకరించెను.

ఆమెను మందలించుటకు ఊరివారు పుష్పగిరి పీఠాధిపతిని ఆశ్రయించిరని ఐతిహ్యము. పీఠాధిపతి విచారణకు కూర్చుండెను. వెంగమాంబ నమస్కరింపక నిలిచెను. కారణమడుగగా, తమరు ఆ ఆసనమునుండి దిగినచో నమస్కరింతునని ఆమె వినయముగా విన్నవించెను. ఆయన దిగెను, ఆమె ఖాళీ పీఠమునకు మ్రొక్కెను. ఆ మ్రొక్కునకు తాళలేక పీఠము మంటలలో కాలిపోయెనని పెద్దలు చెప్పుకొందురు. కథను కథగా గ్రహించినను అందలి భావము స్పష్టము. అధికారమునకు గుర్తు ఆసనము. సౌభాగ్యమునకు గుర్తు కుంకుమ. రెండు గుర్తులు ఎదురెదురుగా నిలిచినప్పుడు, పై చేయి వెనుక బలగమున్న గుర్తుది కాలేదు. వెనుక సత్యమున్న గుర్తుదైనది.

జపమాల

కుంకుమ పువ్వులు ధరించిన స్త్రీ చేత జపమాల ఉండుట చిత్రములో మొదట వింతగా తోచును. ఒకటి సంసారమునకు, ఒకటి వైరాగ్యమునకు గుర్తు కదా యని సందేహము కలుగును. వెంగమాంబ జీవితమున ఆ రెంటికిని విరోధము లేదు. మదనపల్లెలో రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి యను విద్వాంసుడుండెను. ఆయన ఆమెకు గురువై మంత్రోపదేశము చేసి, యోగమార్గమును చూపెను. మదనపల్లె నేడు విద్యాలయములకు పేరొందిన పట్టణము. ఆ పట్టణ చరిత్రలో, చదువునకు దూరముగా ఉంచబడిన ఒక స్త్రీకి తలుపు తెరచిన ఆ గురువు ఇల్లు కూడ స్మరింపదగినది.

గురువు చూపిన త్రోవను ఆమె తరిగొండ నృసింహాలయముననే సాధన చేసెను. ఆంజనేయస్వామి విగ్రహము వెనుక ఒదిగి కూర్చుండి, పగలనక రేయనక ధ్యానమగ్నయై యుండెడిది. అక్కడ ఆమెను అర్చకుడు కనుగొని నిందించి వెలుపలికి పంపెనని చెప్పుదురు. పుట్టిన ఊరిలో గుడి నీడ కూడ తనకు దక్కదని తెలిసిన దినమున ఆమె తిరుమలకు పయనమయ్యెను. మదనపల్లెనుండి వాయల్పాడు, పీలేరు, భాకరాపేట మీదుగా కొండకు పోవు దారి నేడు వాహనములలో కొన్ని గంటలది. ఒంటరియై, ఆదరించు బంధువు లేక, అడవి కనుమలు దాటి పోయిన ఆమెకు ఆ దారి ఎంతటిదో ఊహింపదగినది. చేతిలో ఆ జపమాలయే తోడు.

కొండమీదను ఆమెకు వెంటనే శాంతి లభింపలేదు. పొరుగువారి ఈసు వలన కలిగిన బాధకు తాళలేక, ఆమె శేషాచలపు అడవులలోని తుంబురుకోన చేరి కొన్ని సంవత్సరములు తపమాచరించెను. తుంబురు తీర్థము నేటికిని ఫాల్గుణ పౌర్ణమినాడు యాత్రికులు వ్రతముగా నడచిపోవు దుర్గమ స్థలము. నిలువునా చీలిన కొండ నడుమ నీరు, పైన సన్నని ఆకసము తప్ప అచ్చట మరేమియు లేదు. తపస్సు ముగించి ఆమె మరల కొండకు వచ్చెను. అలిగి పోయినది కాదు గనుక, వచ్చినపుడు ఎవరినీ దూషింపలేదు.

తాటాకు, గంటము

తాటాకు మీద గంటముతో వ్రాయు పనిలో ఒక విశేషమున్నది. గంటపు మొన ఆకును గీరునప్పుడు అక్షరము కంటికి ఆనదు. వ్రాసిన పిమ్మట ఆకు మీద మసి పూసి తుడిచినప్పుడు, గీతలలో నలుపు నిలిచి అక్షరము పైకి కనబడును. వెంగమాంబ జీవితము కూడ అట్టిదే. లోకము పూసిన మసియే ఆమె అక్షరములను లోకమునకు కనబడజేసినది.

తాను గురువు చెంత కూర్చుండి ఓనమాలు నేర్చినదానను కాననియు, ఛందస్సు లక్షణము తెలియనిదాననియు, స్వామి పలికించినదే పలుకుచున్నాననియు ఆమె తన కృతిలో చెప్పుకొనినది. అట్లు చెప్పుకొనిన చేతినుండి వెలువడిన వాఙ్మయము విస్తారమైనది. తొలుత తరిగొండ నృసింహ శతకము. పిమ్మట శివనాటకము, బాలకృష్ణ నాటకము మొదలగు యక్షగానములు. ద్విపదలో రాజయోగామృతసారము, భాగవతము, వాసిష్ఠ రామాయణము. తత్త్వకీర్తనలు, శ్రీకృష్ణమంజరి, ముక్తికాంతావిలాసము, అష్టాంగయోగసారము. వీనిలో తెలుగువారి ఇండ్లలోనికి ఎక్కువగా చొచ్చుకొనిపోయినది శ్రీవేంకటాచల మాహాత్మ్యము. శ్రీనివాసుని అవతారము, ఆకాశరాజు పుత్రిక పద్మావతితో పరిణయము, కొండమీది తీర్థముల మహిమ – వీనిని పద్యప్రబంధముగా కూర్చి, సంస్కృత పురాణములు చదువలేని గృహస్థునకు అందించిన పుణ్యమామెది.

ఈ కృతుల జాబితాలోనే ఆమె మనసు తెలియుచున్నది. ద్విపద చదువురాని వారును పాడుకొను ఛందస్సు. యక్షగానము ఊరి నడుమ వీధిలో ఆడునది. యోగవాసిష్ఠమువంటి కఠినవేదాంతమును ద్విపదలో వ్రాయుట అనగా పండితుని ఇంటి అటుకమీది మూటను దింపి అందరి వాకిట విప్పుట. తనకు తలుపులు మూసిన లోకమునకు ఆమె తలుపులు తెరచినది. గంటము సాధారణముగా కరణము చేతి వస్తువు. భూమి లెక్కలును శిస్తు లెక్కలును వ్రాయునది. చిత్తరువులో వెంగమాంబ చేత అది కనబడినప్పుడు, స్త్రీకి నిషిద్ధమైన పరికరమును స్వామి ఆమె చేత నుంచెనని చూపరి గ్రహింపవలెను.

చలిపందిరి కడవ

చిత్రకారులు తరచుగా మరచు వస్తువొకటి గలదు, అది నీటికడవ. వెంగమాంబ ఏటేట నృసింహజయంతికి పది దినములు ఉత్సవము జరిపించెను. ఆ దినములలో కొండకు వచ్చు యాత్రికులకు అన్నము పెట్టించెను, చలిపందిళ్లు వేయించి దాహము తీర్చెను. నృసింహజయంతి వైశాఖమున వచ్చును. వైశాఖపు ఎండలో కాలినడకన మెట్లెక్కివచ్చు యాత్రికునకు గుక్కెడు నీరు ఎంతటి ప్రసాదమో ఆ దారి నడచినవారికి తెలియును. పుంగనూరు మెట్టనుండి వచ్చినవాడైనను, కుప్పమునుండి పలమనేరు దారి పట్టి దినములకొలది నడచివచ్చినవాడైనను, నీటి కడవ ముందు కులగోత్రములు చెప్పనక్కరలేని ఒక్క యాత్రికుడే.

ఇల్లు లేదని పంపివేయబడిన స్త్రీ, ఊరుగాని ఊరిలో అందరికిని ఇల్లాలైనది. ఈ గుణమును స్మరించియే తిరుమల తిరుపతి దేవస్థానము తిరుమలలో నిర్మించిన విశాలమైన అన్నప్రసాద భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టినది. 2011లో ప్రారంభమైన ఆ భవనమున ప్రతిదినమును వేలకొలది యాత్రికులు పంక్తులలో కూర్చుండి భుజించుచున్నారు. ముందు విస్తరి వేసిన క్షణమున ఆ పేరును తలచుట ఆమె చిత్తరువును చూచుటయే.

ముత్యాల పళ్లెము

ఇక చిత్తరువున మిగిలినది హారతి పళ్లెము. ఏ ఇంటి పూజగదిలోనైనను ఉండు వస్తువే. ఇంటి యజమాని బయటినుండి వచ్చినపుడు, పెండ్లికొడుకు వాకిట నిలిచినపుడు, పసిబిడ్డకు దృష్టి తీయునపుడు ఇల్లాలు పట్టునది. తీర్థమిచ్చుట, అర్చన చేయుట అర్చకుని అధికారము. హారతి పట్టుట ఇల్లాలి అధికారము. వెంగమాంబ కోరినది ఆ యొక్క అధికారమునే.

తిరుమలలో రాత్రి కైంకర్యములన్నియు ముగిసిన పిమ్మట ఏకాంతసేవ జరుగును. భోగశ్రీనివాసమూర్తిని పట్టెమంచము మీద పరుండజేయుదురు. ధనుర్మాసమున మాత్రము ఆ స్థానమున శ్రీకృష్ణమూర్తి పవళించును. తాళ్లపాక వంశీయులు లాలి పాడుదురు. ఆ సమయమున వెంగమాంబ పేర ముత్యాల హారతి సమర్పింపబడును. పళ్లెములో ముత్యములతో దశావతారములలో నొక రూపమునో, స్వామి మూర్తినో తీర్చి, హారతి వెలిగించి చూపుదురు. ఆ పిమ్మట తలుపులు మూయబడును. స్వామి ఆ దినమున చూచు కడపటి వెలుగు ఆమెది. తాళ్లపాకవారి లాలికిని తరిగొండవారి హారతికిని కొండమీద జంటగా పేరు వచ్చుటకు ఇదియే కారణము. ఆ హక్కు ఆమెకు లభించిన తీరును గూర్చి పలు కథలు ప్రచారములో నున్నవి. అర్చకులు వలదన్నను స్వామి ఆమె హారతినే కోరెనని వాని యన్నిటి సారము.

ఇందు మరియొక సొగసు గలదు. పవళించు భోగశ్రీనివాసమూర్తిని ఆలయమునకు సమర్పించినది పల్లవ వంశపు రాణి సామవై. ఆమె సంపన్నురాలు; వెండిమూర్తిని, ఆభరణములను, భూములను ఇచ్చెను. అనేక శతాబ్దముల తరువాత వచ్చిన వెంగమాంబ వద్ద ఇచ్చుటకు రాజ్యము లేదు. ఒకతె ఇచ్చిన మూర్తికి మరియొకతె ఇచ్చిన వెలుగు ప్రతిరాత్రి కలియుచున్నది.

ముత్యాలతో తీర్చిన ఆ రూపము శాశ్వతము కాదు. హారతి ముగిసిన పిమ్మట ముత్యములు మరల ముత్యములే. మరునాటి రాత్రి మరల తీర్పవలసినదే. రాయల ప్రతిమ లోహముతో చేయబడెను గనుక నిలిచినది. హోల్బైన్ చిత్రము పలకమీద వ్రాయబడెను గనుక నిలిచినది. వెంగమాంబ హారతి ఏ రాత్రికారాత్రి చెదిరిపోవుచు, మరల తీర్పబడుచు నిలిచినది. లోహమునకు కాలముతో చిలుము పట్టును, రంగు వెలియును. ప్రతిదినము క్రొత్తగా చేయబడు కైంకర్యమునకు చిలుము పట్టుటకు వ్యవధి ఎక్కడిది?

తుది దినములు

1817లో, ఈశ్వరనామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు, వెంగమాంబ తిరుమలలో సమాధిస్థితి నొంది స్వామిలో లీనమయ్యెను. అప్పటికి ఆమెకు 87 సంవత్సరములు. ఆలయమునకు ఉత్తర దిశను, దేవస్థానమువారి ఉన్నత పాఠశాల ప్రాంగణమున ఆమె బృందావనము ఉన్నది. పిల్లలు చదువుకొను చోట, ఓనమాలు నేర్వలేదని చెప్పుకొనిన తల్లి విశ్రమించియున్నది. ఏటేట శ్రావణ శుద్ధ నవమినాడు అచ్చట ఆమె వర్ధంతి జరుపబడుచున్నది. తరిగొండ లక్ష్మీనృసింహాలయమును, వాల్మీకిపుర పట్టాభిరామాలయమును నేడు దేవస్థానము నిర్వహణలోనే యున్నవి. ఆమెను వెలుపలికి పంపిన ఊరి గుడి, ఆమె ఆశ్రయించిన కొండ గుడి నీడకు చేరినది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలనుండి కొండకు పోవు గృహస్థులు దారిలో తరిగొండ నృసింహుని దర్శించి పోవుట మంచిది. అచ్చట ఆంజనేయుని సన్నిధిని ఒక్క క్షణము నిలిచి, ఆ విగ్రహము వెనుక చీకటిలో ఒదిగి కూర్చున్న బాలికను తలచుకొనవలెను. ఇంట వెంగమాంబ చిత్తరువు నుంచుకొనువారు దానిలోని వస్తువులను ఒక్కొక్కటిగా పిల్లలకు చూపి, ఆ కుంకుమ ఏల నిలిచినదో, ఆ గంటము ఏల చేతికి వచ్చినదో, ఆ పళ్లెము ఎవరి ముందు వెలిగినదో చెప్పవలెను. భర్తను కోల్పోయిన ఆడబిడ్డ ఇంట నున్నచో, ఆమెను శుభకార్యమునుండి తొలగించు ముందు ఆ చిత్తరువు వైపు ఒక్కసారి చూడవలెను. లోకము తుడిపివేయగోరిన బొట్టును శ్రీనివాసుడు తన సన్నిధిని వెలుగుగా నిలిపెను. ఆ స్వామి భక్తులు ఆ వెలుగును తమ ఇంట ఆర్పకుండుటయే వెంగమాంబకు నిజమైన కైంకర్యము.